పంట చేతికొచ్చేవేళ చేను విడిచిన గురువు

ఇటలీ ఫుట్‌బాల్ లీగ్ రికార్డులు తెరిచి చూస్తే 1938-39 సంవత్సరానికి ఎదురుగా విజేత బొలోన్యా అని ఒక్క ముక్క కనబడుతుంది. కోచ్ ఎవరంటే హెర్మన్ ఫెల్స్‌నర్ అనే ఆస్ట్రియా దేశస్థుడి పేరు చెబుతారు. అబద్ధమేమీ కాదు. కాని ఆ సీజన్ మొదలైనప్పుడు ఆ జట్టుకు గురువు ఫెల్స్‌నర్ కాదు, అర్పాద్ వైస్. హంగరీలో పుట్టిన యూదుడు. మధ్యలో ఆయన్ను తప్పించింది ఓటములు చూసి కాదు, పుట్టుక చూసి.

మాది వ్యవసాయ కుటుంబం. కౌలుకు తీసుకున్నవాడు దుక్కి దున్ని, నారు పోసి, నాట్లు వేసి, చేను పొట్టకొచ్చిన వేళ భూమి ఖాళీ చెయ్యమంటే ఆ పంట ఎవరిదని వెనకటికి మా వూరి రచ్చబండ దగ్గర పెద్ద తగువులే అయ్యేవని మా తాతయ్య చెప్పేవాడు. పంట ఎవరి గాదెకు చేరినా, కనీసం నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవారట. వైస్ కథ చదివినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ మాటే. అందుకే ఈ ఏడు సావనీర్‌కు ఆటల మీద ఏదైనా రాయమంటే ఆయన జీవితం రాయాలనిపించింది.

అర్పాద్ వైస్ 1896 ఏప్రిల్ 16న హంగరీలోని సోల్త్ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. బుడాపెస్ట్‌లోని తొరెక్వేష్ క్లబ్బు తరఫున ఎడమ వైపు వింగ్‌లో ఆడేవాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో చేరి, ఇటలీ సరిహద్దున పోరాడి, ఇటలీ వాళ్ళ చేతుల్లో ఖైదీ అయ్యాడు. ఇటలీతో ఆయనకు తొలి పరిచయం అలా జరిగింది. విచిత్రమేమిటంటే, తరువాత ఆయన బతుకు వికసించింది కూడా ఆ దేశంలోనే.

యుద్ధం ముగిశాక మళ్ళీ బంతి పట్టాడు. హంగరీ జాతీయ జట్టుకు ఆడాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన బృందంలోనూ వున్నాడు. అదే సంవత్సరం ఇటలీ వచ్చి అలెస్సాండ్రియా క్లబ్బులో, మరుసటి ఏడు మిలాన్ నగరంలోని ఇంటర్ క్లబ్బులో ఆడాడు. కాని కాలికి తగిలిన దెబ్బ ఆయన ఆటను ముప్పయ్యేళ్ళకే ముగించేసింది. ఆడలేనివాడు ఆడించడం నేర్చుకోవాలి అనుకున్నాడేమో, కోచ్ పని చేపట్టాడు. 1926లో ఇంటర్ జట్టు ఆయన చేతికొచ్చింది.

ఆ రోజుల్లో కోచ్ అంటే సూటు తొడుక్కుని గట్టున నిలబడి కేకలు వేసే పెద్దమనిషి. వైస్ నిక్కరు, బనీను వేసుకుని ఆటగాళ్ళతోపాటు తానూ మైదానంలోకి దిగేవాడు. బంతిని ఎలా ఆపాలో, ఎక్కడికి తన్నాలో స్వయంగా చేసి చూపించేవాడు. ఆటగాళ్ళ తిండి, నిద్ర, వ్యాయామం అన్నీ ఒక పద్ధతిలో పెట్టాడు. దక్షిణ అమెరికా వెళ్ళి అక్కడి ఆట తీరు గమనించి వచ్చాడు. పేరున్న వాళ్ళను డబ్బు పోసి కొనుక్కోవడం కన్నా కుర్రవాళ్ళను వెతికి తయారు చేసుకోవడం మీద ఆయనకు మక్కువ ఎక్కువ. మా వాళ్ళ భాషలో చెప్పాలంటే, విత్తనం అంగడిలో కొనకుండా తన చేలోదే ఏరి దాచుకునే రకం.

అలా ఏరిన విత్తనమే జుసెప్పె మెయాత్సా. తండ్రి లేని పిల్లవాడు, బక్కపలచని మనిషి. వైస్ ఆ కుర్రవాణ్ణి తీసుకుని, రెండు కాళ్ళతోనూ సమానంగా బంతి తన్నేలా గోడకేసి గంటల తరబడి సాధన చేయించాడని చెబుతారు. 1927లో పదిహేడేళ్ళకే పెద్ద జట్టులో ఆడించాడు. ఆ కుర్రవాడే తరువాత ఇటలీకి 1934, 1938లలో రెండు ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ముఖ్యుడయ్యాడు. మిలాన్‌లోని సాన్ సీరో స్టేడియానికి 1980లో మెయాత్సా పేరే పెట్టారు. శిష్యుడి పేరు స్టేడియానికెక్కింది. గురువు పేరు ఎన్నాళ్ళకు గోడకెక్కిందో తరువాత చెబుతాను.

1929-30లో ఇటలీలో లీగ్ పోటీలు మొదటిసారి ఒకే పట్టికగా, పద్దెనిమిది జట్లతో జరిగాయి. అంతకుముందు గ్రూపులు గ్రూపులుగా జరిగేవి. ఆ తొలి లీగ్‌ను గెలిచింది వైస్ జట్టే. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. మెయాత్సా ఒక్కడే 31 గోల్స్ కొట్టాడు. అయితే ఆ కప్పు మీద ఇంటర్ అన్న పేరు లేదు. ఇంటర్నజియొనాలె, అంటే అంతర్జాతీయం అన్న మాట ముస్సోలినీ ఫాసిస్టు పాలకులకు గిట్టక 1928లోనే క్లబ్బు పేరును అంబ్రోసియానాగా మార్పించారు. వైస్ ఇంటిపేరులో మొదటి అక్షరాన్ని గూడా ఇటలీ పద్ధతికి మార్చి రాసేవారు. పేరులో ఒక అక్షరమేగదా అని అప్పుడు ఎవరికీ పట్టి వుండదు.

అదే 1930లో వైస్ ఆల్దో మొలినారితో కలిసి ఫుట్‌బాల్ ఆట గురించి ఒక పుస్తకం రాశాడు. దానికి ముందుమాట రాసింది విత్తోరియో పోత్సో, అంటే ఇటలీకి రెండు ప్రపంచ కప్పులు తెచ్చిన కోచ్. తరువాత బారి, మళ్ళీ మిలాన్, నొవారా, ఇలా కొన్ని వూళ్ళు తిరిగాడు. ఈలోగా టూరిన్ నగరపు యువెంటస్ జట్టు వరసగా ఐదేళ్ళు లీగ్ గెలిచి ఇక తిరుగులేదనిపించుకుంది.

1935 జనవరిలో, సీజన్ సగంలో వుండగా, బొలోన్యా క్లబ్బు అధ్యక్షుడు రెనాతో దల్లారా ఉన్న కోచ్‌ను తప్పించి వైస్‌ను పిలిపించాడు. అంటే ఆయన ఆ జట్టుకు వచ్చిందీ సీజన్ మధ్యలోనే, విడిచి వెళ్ళిందీ సీజన్ మధ్యలోనే. వచ్చిన మరుసటి ఏడే, 1935-36లో, బొలోన్యా విజేత అయింది. యువెంటస్ ఐదేళ్ళ ఏలుబడికి తెరపడింది. ఒక్క సంగతి గమనించండి. ఆ ఐదేళ్ళకు ముందు లీగ్ గెలిపించింది వైస్, ఆ ఐదేళ్ళ తరువాత గెలిపించిందీ వైసే.

ఆ సీజన్ మొత్తం ఆయన వాడుకున్నది పద్నాలుగు మంది ఆటగాళ్ళనే. ముందు వరసలో 1934 ప్రపంచ కప్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టిన ఆంజెలో స్కియావియో. నడుమ ఉరుగ్వే నుంచి వచ్చిన అంద్రెయోలో, సాన్సోనె, ఫెదుల్లో. కుడి వింగ్‌లో బంతి మీదుగా కాలు తిప్పి ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే బియావాతి. 1936-37లో మళ్ళీ వాళ్ళదే లీగ్. 1937 జూన్‌లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన సందర్భంగా పలు దేశాల క్లబ్బులకు పోటీ పెడితే, ఫైనల్లో ఇంగ్లండుకు చెందిన చెల్సీని బొలోన్యా 4-1తో ఓడించింది. ఈ ఆట మేమే నేర్పామని ఇంగ్లీషు వాళ్ళు గర్వంగా చెప్పుకునే రోజులవి. అలాంటి వాళ్ళను అంత తేడాతో ఓడించడం ఎంత గొప్ప సంగతో వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో భార్య ఇలోనా, కొడుకు రొబెర్తో, కూతురు క్లారా. పిల్లలిద్దరూ ఇటలీలో పుట్టి, ఇటలీ భాషలోనే మాటలు నేర్చినవాళ్ళు. బొలోన్యాలో వైస్ కుటుంబానికి ఏ లోటూ లేదు.

1938 సెప్టెంబరు వచ్చింది. ఆ నెల మొదటి వారంలో ఇటలీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదుల పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదవగూడదన్నారు. యూదులైన ఉపాధ్యాయులు, ప్రొఫెసర్లు ఉద్యోగాలు వదలాలన్నారు. యూరప్‌లోకెల్లా పురాతనమైన బొలోన్యా విశ్వవిద్యాలయంలోనూ ఇదే జరిగింది. మా గణితశాస్త్ర లెక్చరర్లకు బెప్పో లెవీ పేరు తెలిసే వుంటుంది. ఆయన అక్కడి ప్రొఫెసరే. ఉద్యోగం పోయి 1939లో అర్జెంటీనా చేరుకున్నాడు. ఇక 1919 తరువాత ఇటలీలో స్థిరపడ్డ విదేశీ యూదులు ఆరు నెలల్లో దేశం విడిచి పోవాలని మరో ఉత్తరువు. వైస్ వచ్చింది 1924లో. లెక్క తేలిపోయింది.

సీజన్ అప్పుడే మొదలైంది. జట్టు వైస్‌ది, తర్ఫీదు వైస్‌ది. అక్టోబరులో ఆయన పదవి వదిలాడు. అంతకుముందు 1925, 1929లలో బొలోన్యాను గెలిపించిన ఫెల్స్‌నర్‌ను తిరిగి పిలిచారు. ఫెల్స్‌నర్ చేతగానివాడు కాదు, ఈ కథలో ఆయన దుర్మార్గుడూ కాదు. జట్టును చక్కగా నడిపించాడు. బొలోన్యా టొరినోను రెండో స్థానానికి నెట్టి 1939లో మళ్ళీ విజేత అయింది. గెలిచిన జట్టు మరుసటి ఏడు చొక్కా మీద జెండా రంగుల చిన్న డాలు గుర్తు కుట్టుకోవడం ఇటలీ ఆనవాయితీ. ఆ గుర్తు కుట్టేనాటికి వైస్ ఆ దేశంలోనే లేడు. 1939 జనవరిలోనే భార్యాబిడ్డలతో రైలెక్కి పారిస్ వెళ్ళిపోయాడు. లీగ్ మాత్రం ఒక్క ఆదివారమైనా ఆగలేదు.

పారిస్‌లో పని దొరకలేదు. హాలండ్‌లోని డోర్డ్‌రెక్ట్ అనే చిన్న పట్టణం నుంచి పిలుపొచ్చింది. అక్కడి డి.ఎఫ్.సి. అనే క్లబ్బుకు కోచ్ కావాలి. ఆ దేశంలో అప్పటికి జీతానికి ఆడే ఫుట్‌బాలే లేదు, అది 1954లో గాని రాలేదు. పగలు తమ తమ పనులు చేసుకుని సాయంత్రం వచ్చి ఆడేవాళ్ళకు ఇటలీని మూడుసార్లు గెలిచిన గురువు పాఠాలు చెప్పాడు. అడుగున వున్న జట్టును మొదటి ఏడు దిగువ తరగతికి పడిపోకుండా కాపాడాడు. తరువాత వరసగా రెండేళ్ళు ఐదో స్థానంలో నిలబెట్టాడు. పెద్ద పొలం పోయినా చిన్న మడిలో కూడా అంతే శ్రద్ధగా సేద్యం చేసే రైతులు వుంటారు. వైస్ అలాంటివాడు.

1940 మేలో జర్మన్లు హాలండ్‌ను ఆక్రమించారు. క్రమంగా అక్కడా అవే నిషేధాలు. 1941 సెప్టెంబరు తరువాత కోచ్‌గా పనిచేసే అవకాశం పోయింది. మైదానంలో అడుగు పెట్టే హక్కు కూడా లేదు. ఏ గట్టున నిలబడటం ఇష్టంలేక ఆటగాళ్ళతో కలిసి లోపలికి దిగాడో, ఇప్పుడు ఆ గట్టు మీద నిలబడటానికైనా వీల్లేకపోయింది.

1942 ఆగస్టు 2న ఆ నలుగుర్నీ పట్టుకుపోయి వెస్టర్‌బోర్క్ శిబిరానికి తరలించారు. అక్టోబరు 2న అక్కడి నుంచి ఆష్‌విట్జ్ వైపు రైలు. దారిలో పని చెయ్యగల మగవాళ్ళను దింపి వెట్టిచాకిరీ శిబిరాలకు పంపారు. వైస్ దిగిపోయాడు, భార్యాబిడ్డలు రైల్లోనే వున్నారు. అక్టోబరు 5న ఇలోనాను, పన్నెండేళ్ళ రొబెర్తోను, ఎనిమిదేళ్ళ క్లారాను ఆష్‌విట్జ్‌లో విషవాయువుతో చంపేశారు. వైస్ మరో పదిహేను నెలలకు పైగా బతికాడు. 1944 జనవరి 31న ఆష్‌విట్జ్‌లోనే చనిపోయాడు. అప్పటికి నలభై ఏడేళ్ళు.

మరో విషాదం ఆ తరువాత జరిగింది. ఇటలీ ఆయన్ను మరచిపోయింది. యుద్ధం ముగిసింది, లీగ్‌లు సాగాయి, మెయాత్సా పేరు సాన్ సీరోకు పెట్టారు, బొలోన్యా స్టేడియానికి దల్లారా పేరు పెట్టారు. వైస్ ఏమయ్యాడని అడిగినవాళ్ళు అరుదు. 2007లో మతేఓ మరాని అనే పాత్రికేయుడు పాత కాగితాలు వెతికి, సాక్ష్యాలు సేకరించి ఆయన జీవితాన్ని పుస్తకంగా రాశాక గాని చాలామందికి ఈ సంగతులు తెలియలేదు. 2009లో బొలోన్యా స్టేడియంలో, 2012లో సాన్ సీరోలో ఆయన స్మారక ఫలకాలు వెలిశాయి. 2018లో బొలోన్యా స్టేడియంలోని ఒక గ్యాలరీకి ఆయన పేరు పెట్టారు. చనిపోయిన డెబ్భై నాలుగేళ్ళకు!

మిత్రులారా, అర్పాద్ వైస్ వీరుడిలా పోరాడి చనిపోలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. తన పని తాను శ్రద్ధగా చేసుకున్న ఒక గురువు, అంతే. ఆయన్ను చంపిన నేరం చట్టం చేసినవాళ్ళది, రైళ్ళు నడిపినవాళ్ళది. కాని మరచిపోవడం అన్న పని మాత్రం మామూలు జనమే చేశారు, ఆదివారం ఆట చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే చేశారు. ఆయన పంట మీద ఏ రచ్చబండా కూర్చోలేదు.

మన తరగతిలో రోజూ పక్కన కూర్చునే స్నేహితుడు ఒక సోమవారం నుంచి రావడం మానేస్తే, హాజరుపట్టీలో గీత పెట్టి పాఠం కొనసాగించడం చాలా తేలిక. రొబెర్తో వైస్ బడిలోనూ 1938లో పాఠాలు యథాప్రకారం సాగే వుంటాయి. ఆ రోజు లేచి, వాడు ఎందుకు రాలేదండీ అని అడిగే ఒక్క గొంతు చాలా విలువైనది. సైన్సు చదువుకునేవాళ్ళం, ప్రతిదానికీ కారణం అడగాలని మనకు మొదటి రోజే నేర్పుతారు. లేబరేటరీలో అడిగే ఆ ప్రశ్నను బయట కూడా అడగడం నేర్చుకుంటే, ఈ నాలుగు పేజీలు రాసిన నా శ్రమ ఫలించినట్టే.

— బి.ఎస్సీ. రెండవ సంవత్సరం, ఎం.పి.సి.