సింహపు బోనులో జడ్సన్‌గారు

శత్రువుల చేతిలోనుండి దేవుడు విడిపించును అనగానే మన సంఘములలో అందరికి దానియేలును, సింహముల గుహయు జ్ఞాపకము వచ్చును. బర్మాలో సువార్త ప్రకటించిన అదోనీరామ్ జడ్సన్‌గారి చరిత్రలోను ఒక సింహపు బోనున్నది. సండేస్కూలులో మేము ఆ కథ చెప్పుచుందుము గాని, చెరసాల తలుపు తెరువబడుటతోనే ముగింతుము.

1788లో అమెరికాలో జన్మించిన జడ్సన్‌గారు 1812లో భార్య ఆన్ అమ్మగారితో కలకత్తాకు వచ్చిరి. కుంపిణీవారు ఉండనీయలేదు. 1813లో మద్రాసు రేవులో ఓడయెక్కి రంగూను చేరిరి. మొదటి బర్మీయుడు బాప్తిస్మము పొందుటకు ఆరేండ్లు పట్టెను.

1824లో ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము వచ్చెను. తెల్లవారందరు వేగులవారే అని తలంచి, జూన్ 8న రాజధానియైన ఆవాలో, భోజనవేళ, జడ్సన్‌గారిని కట్టి తీసికొనిపోయిరి. కాళ్లకు మూడు జతల సంకెళ్లు. రాత్రివేళ ఆ కాళ్లను వెదురుబొంగుతో పైకెత్తగా భుజములును తలయు మాత్రమే నేల నానుచుండెను. ఆన్ అమ్మగారు గర్భవతియై యుండియు అధికారుల గడపలెక్కి బతిమాలుచు, భర్తకు అన్నము అందించుచుండిరి. క్రొత్త నిబంధన బర్మా తర్జుమా వ్రాతప్రతిని, ఎవరికిని ఆశ పుట్టనంత గట్టి తలగడలో కుట్టి ఆయన తలక్రింద ఉంచిరి.

ఆ చెరసాలలోనే రాజుగారి సింహమొకటి బోనులో నుండెను. సింహము ఆంగ్లేయుల గురుతు గదా అని దానికి తిండి పెట్టక చంపిరి. జ్వరముతో పడియున్న జడ్సన్‌గారిని ఆ ఖాళీ బోనులో ఉంచుటకు అమ్మగారు ప్రాధేయపడి సెలవు పొందిరి. కిక్కిరిసిన చెరసాలకంటె అది ఆయనకు మేడవలె నుండెను! ఇక్కడ సింహపు నోరు మూయబడలేదు. శత్రువుల ద్వేషమే సింహమును తీసివేసి చోటు చేసినది. దేవుని మార్గములు మేము ఊహించినట్లుండవు.

1825 మే నెలలో ఖైదీలను ఎండలో వట్టి కాళ్లతో మరియొక ఊరికి నడిపించిరి. అప్పుడు కావలివారు పారవేసిన తలగడ దూదిని శిష్యుడైన మౌంగ్ ఇంగ్, గురువుగారి గురుతుగా ఇంటికి కొనిపోయెను. ప్రతి లోపల భద్రముగా నున్నదని తరువాత తెలిసెను. నవంబరులో సంధి మాటలకు దుబాసీ కావలసివచ్చి, బంధించిన రాజే ఆయనను బయటికి రప్పించెను.

మేము పిల్లలకు చెప్పనిది ఇక ముందున్నది. 1826 అక్టోబరులో, ఆయన దూరమున నుండగా, ఆన్ అమ్మగారు మరణించిరి. ఆరు నెలలకు పసిబిడ్డ మరియయు పోయెను. శత్రువులు విడిచిరి, దుఃఖము విడువలేదు. అడవిలో గుడిసె వేసికొని, తనకు తానే సమాధి త్రవ్వుకొని, దాని యొద్ద కూర్చుండిన దినములున్నవి. దేవుడున్నాడని నమ్ముచున్నను కనబడుట లేదని ఆయన వ్రాసెను. దానికి మేము సిగ్గుపడనక్కరలేదు.

పిమ్మట మరల తర్జుమాకు కూర్చుండెను. 1834 జనవరి 31న బర్మా బైబిలులోని కడపటి పుట ముగిసెను.