స్టెప్పులు లేని పుస్తకంతో రామానుజన్ ఏం చేశాడు?

1903లో కుంభకోణంలో చదువుకుంటున్న ఓ పదిహేనేళ్ల కుర్రాడి చేతికి ఒక పుస్తకం వచ్చింది. అందులో దాదాపు 5 వేల గణిత సూత్రాలున్నాయి. అన్నిటికీ వరుస నంబర్లు ఉన్నాయి గానీ, ఏది ఎలా వచ్చిందో చెప్పే వివరణ దాదాపుగా లేదు. రాసిన జి.ఎస్.కార్ కేంబ్రిడ్జి పరీక్షలకు కోచింగ్ ఇచ్చే ప్రైవేటు ట్యూటర్. అంటే అది మనం పోటీ పరీక్షల ముందు తిరగేసే షార్ట్ నోట్స్ లాంటిదే. జవాబులన్నీ ఉంటాయి, స్టెప్పులు ఉండవు.

ఆ కుర్రాడు శ్రీనివాస రామానుజన్.

ఇప్పుడు మన ఫోన్‌లో ఉన్న ఏఐ చాట్‌బాట్ కూడా ఇలాంటి పుస్తకమే, కాకపోతే చాలా పెద్దది. కోడ్ అడిగితే కోడ్ ఇస్తుంది. రెజ్యూమె, ప్రాజెక్ట్ రిపోర్ట్, ఆప్టిట్యూడ్ లెక్క.. ఏది అడిగినా క్షణాల్లో ముందు పెడుతుంది. ఇలా అన్నిటికీ టెక్నాలజీ మీద ఆధారపడితే సొంతంగా ఆలోచించే శక్తి తగ్గిపోతుందా? ప్లేస్‌మెంట్లకు సిద్ధమయ్యే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానమే ఇది. కంప్యూటర్లు పుట్టక ముందే వెళ్లిపోయిన రామానుజన్ జీవితంలో దీనికి ఉపయోగపడే విషయాలు చాలా ఉన్నాయి. అందులో ఆయన గెలిచినవీ ఉన్నాయి, దెబ్బతిన్నవీ ఉన్నాయి.

గైడ్‌ని గైడ్‌లా వాడలేదు

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టాడు, కుంభకోణంలో పెరిగాడు. నాన్న చీరల దుకాణంలో గుమస్తా. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే.

కార్ పుస్తకం దొరికాక ఆయన దాన్ని బట్టీ పట్టే పని పెట్టుకోలేదు. ఒక్కో సూత్రాన్నీ ఒక్కో ప్రశ్నగా తీసుకున్నాడు. ఇది నిజమేనా, నిజమైతే ఎలా వచ్చింది, దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే ఏమొస్తుంది.. ఇలా సాగింది ఆయన చదువు. స్టెప్పులు లేకపోవడం ఆయనకు లోటు కాలేదు, ప్రాక్టీస్ అయింది. కాగితం కొనడం కష్టం కాబట్టి పలక మీద లెక్క చేసేవాడు. మోచేత్తో తుడిచేసి మళ్లీ రాసేవాడు. చివరికి తేలిన ఫలితాన్ని మాత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కించేవాడు.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. ఆ నోట్‌బుక్కులు కూడా అచ్చం కార్ పుస్తకంలాగే తయారయ్యాయి. ఫలితాలు ఉంటాయి, నిరూపణలు దాదాపు ఉండవు. ఎంత మేధావి అయినా వాడిన పుస్తకం అలవాట్లు ఆయనకూ అంటుకున్నాయి. దీని ఖరీదు తర్వాత తెలిసింది.

డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు

1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు. లెక్కలు తప్ప మరో సబ్జెక్టు పట్టించుకోలేదు. ఇంగ్లిష్‌లో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా బయల్దేరి మన విశాఖపట్నం దాకా వచ్చేశాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్‌ఏ పరీక్ష రాశాడు. ఫెయిల్. మరుసటి ఏడాది మళ్లీ రాశాడు. మళ్లీ ఫెయిల్. ఇక డిగ్రీ ఆశ వదులుకోవాల్సిందే.

1909లో పెళ్లయింది. ఉద్యోగం తప్పనిసరి. చూపించడానికి సర్టిఫికెట్ లేదు, ఉన్నది నోట్‌బుక్ ఒక్కటే. దాన్ని చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. ఇప్పటి మాటల్లో అదే ఆయన పోర్ట్‌ఫోలియో. 1910 చివర్లో నెల్లూరులో కలెక్టర్‌గా ఉన్న రామచంద్రరావును కలిశాడు. ఆయనకు గణితం మీద మక్కువ. మొదట నమ్మలేదు. ఈ ఫలితాలు నిజంగా ఇతనివేనా అని సందేహం. రామానుజన్ తేలికైన వాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే వివరిస్తూ, ఆ కలెక్టర్‌కి కొత్తగా అనిపించే చోటు వరకూ తీసుకెళ్లాడు. అప్పటికి అనుమానం తీరింది. నెలకు 25 రూపాయల సాయం మొదలైంది.

ఒక్క క్షణం ఆలోచించండి. నోట్‌బుక్‌లో ఉన్నవి ఎక్కడి నుంచో ఎత్తి రాసినవైతే ఆ సంభాషణ ఎంతసేపు సాగేది? ఇప్పటి టెక్నికల్ రౌండ్‌లోనూ జరిగేది ఇదే. ప్రాజెక్ట్ ఏంటో చెప్పాక, ఈ లైన్ ఎందుకు రాశారు, దీన్ని మారిస్తే ఏమవుతుంది అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న దగ్గర తెలిసిపోతుంది, ఆలోచించింది మనమో కాదో.

1912 మార్చి 1న రామానుజన్ మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తాగా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు.

తప్పు దొరికింది

1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్.హార్డీకి ఉత్తరం రాశాడు. పేజీల నిండా సిద్ధాంతాలు. నిరూపణలు లేవు, మళ్లీ కార్ పద్ధతే. హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ కూర్చుని వాటిని పరిశీలించారు. కొన్ని అప్పటికే యూరప్‌లో తెలిసినవి. అంటే ఎవరో ఎప్పుడో తేల్చిన వాటిని తిరిగి కనుక్కోవడానికి రామానుజన్ సంవత్సరాలు ఖర్చు పెట్టాడన్నమాట. కొన్ని పూర్తిగా కొత్తవి, అబ్బురపరిచేవి. ఇంకొన్ని తప్పు.

ముఖ్యంగా ప్రధాన సంఖ్యల గురించి చెప్పిన కొన్ని నిలబడలేదు. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉంటాయో చెప్పే ఫార్ములా ఆయన అనుకున్నంత కచ్చితమైనది కాదని తేలింది. దాన్ని సరిగా చూడాలంటే సంకీర్ణ సంఖ్యల మీద నడిచే ఆధునిక విశ్లేషణ తెలియాలి. కార్ పుస్తకంతో ఆ విద్య రాలేదు. చూడ్డానికి సరైన జవాబులాగే ఉండి, లోపల తప్పుండే జవాబు ఎలా ఉంటుందో ఏఐ వాడేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈ కథని, ఏ సాయమూ లేకుండా ఒంటరిగా ఆలోచించడమే గొప్ప అని చదవకూడదు. కొత్త పుస్తకాలు, ప్రశ్నించే మనుషులు దొరక్క రామానుజన్ చాలా నష్టపోయాడు. 1914 మార్చిలో ఓడెక్కి కేంబ్రిడ్జి చేరాక హార్డీ పట్టుబట్టింది ఒకదాని కోసమే. నిరూపణ ఏది? రామానుజన్ మారాడు. 1916లో పరిశోధన మీద కేంబ్రిడ్జి బీఏ పట్టా వచ్చింది. ఆ పరిశోధనలో భాగంగా తమకన్నా చిన్న సంఖ్యలన్నిటి కంటే ఎక్కువ భాజకాలుండే సంఖ్యల పట్టికను చేత్తో తయారుచేశాడు. వందకు పైగా సంఖ్యలున్న ఆ పట్టికలో ఒకటి జారిపోయింది. ఇప్పుడైతే చిన్న ప్రోగ్రామ్ దాన్ని పట్టిస్తుంది. యంత్రానికి అప్పగించాల్సిన పని అంటే అదీ. ఆ సంఖ్యల గురించి ఏం అడగాలన్నది మాత్రం రామానుజన్‌కు తట్టిన విషయం.

ఫార్ములాకి చేతి లెక్క సాక్ష్యం

ఆలోచన, లెక్కింపు రెండూ ఎలా కలిసి పనిచేస్తాయో చెప్పే ఉదాహరణ 1918 నాటిది. 4ని కూడికగా ఎన్ని రకాలుగా రాయొచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5 రకాలు. మరి 200ని? ఈ లెక్క కోసం హార్డీ, రామానుజన్ కలిసి ఒక ఫార్ములా కనుక్కున్నారు. అది సరైందో కాదో ఎలా తెలుస్తుంది? సైన్యంలో పనిచేసి గణితంలోకి వచ్చిన మేజర్ మెక్‌మెహన్ 1 నుంచి 200 వరకూ వరుసగా చేత్తో లెక్కకట్టాడు. చివరి జవాబు 39,72,99,90,29,388. దాదాపు 4 లక్షల కోట్లు. ఫార్ములాలో మొదటి 8 పదాలు కూడితే వచ్చిన విలువకూ దీనికీ తేడా 0.01 కూడా లేదు.

ఒకళ్లు ఊహించారు, ఇంకొకళ్లు వేరే దారిలో లెక్కించి సరిచూశారు. ఎవరి జవాబునూ గుడ్డిగా నమ్మలేదు.

అదే ఏడాది రామానుజన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ కూడా వచ్చింది. కానీ అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1919లో ఇండియా తిరిగొచ్చాడు. మంచం మీద ఉండి కూడా పలక వదల్లేదు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశాడు. వయసు 32.

యంత్రాలు వచ్చాక

1914లో ఆయన ప్రచురించిన పై శ్రేణుల్లో ఒకదాన్ని 1985లో బిల్ గాస్పర్ కంప్యూటర్‌కి ఎక్కించి, పై విలువను కోటీ 70 లక్షలకు పైగా అంకెల వరకూ రాబట్టాడు. ఆ లెక్క మనిషి చేతివల్ల అయ్యేది కాదు. అయితే యంత్రానికి ఏ ఫార్ములా ఇవ్వాలో 70 ఏళ్ల ముందు తేల్చింది ఒక మనిషి. అది ఎందుకు నిజమో పూర్తిగా నిరూపించింది కూడా మనుషులే. బోర్వైన్ సోదరులు 1987లో ఆ పని చేశారు.

ఇప్పుడు రామానుజన్ మెషీన్ పేరుతో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ పరిశోధకులు చేసిన సాఫ్ట్‌వేర్ ఉంది. పై లాంటి స్థిర సంఖ్యల గురించి కొత్త సూత్రాలను ఊహించి ఇస్తుంది. నిరూపణ ఇవ్వదు. అంటే కార్ పుస్తకం మళ్లీ మన ముందుకొచ్చింది, ఈసారి పేజీలు అయిపోవడం లేదు. స్టెప్పులు వెతికే పని మనకే మిగిలింది.

ఆ పని ఎంత పెద్దదో రామానుజన్ నోట్‌బుక్కులే చెబుతాయి. వాటిలో లేని నిరూపణలను పూరించడానికి అమెరికా గణితజ్ఞుడు బ్రూస్ బెర్న్‌ట్‌కు రెండు దశాబ్దాలు పట్టింది. 1985 నుంచి 1998 మధ్య 5 సంపుటాలు వచ్చాయి.

ఉద్యోగ వేటలో ఉన్న మనం అంత చేయక్కర్లేదు. చాట్‌బాట్‌ని అడిగే ముందు పది నిమిషాలు కాగితం మీద సొంతంగా ప్రయత్నిస్తే చాలు, ఎక్కడ ఆగిపోయామో తెలుస్తుంది. జవాబొచ్చాక స్క్రీన్ మూసి, ఒకసారి చూడకుండా రాసుకోవాలి. ఆ తర్వాత ఇంకో దారిలో సరిచూడాలి. కోడ్ అయితే ఇన్‌పుట్ మార్చి నడపాలి, లెక్క అయితే చిన్న సంఖ్యలు పెట్టి చూడాలి. సబ్జెక్టు తెలిసిన సీనియర్‌కో ఫ్రెండ్‌కో వివరించి, ఎందుకు అని అడగమనాలి. మొదటి రోజుల్లో ఇది టైమ్ వేస్ట్‌లాగే అనిపిస్తుంది, ఎందుకంటే పక్కవాళ్లు ఈలోపు నాలుగు అసైన్‌మెంట్లు అప్‌లోడ్ చేసేసి ఉంటారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.