ఆల్ఫ్రెడ్ వెగెనర్ - కదిలే ఖండాలు

ప్రపంచపటాన్ని ఒకసారి చూడండి. దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పడమటి తీరం పగిలిన పెంకు ముక్కల్లా అతికేటట్లు లేవూ? ఈ పోలిక వెనుక కారణాన్ని వెతికిన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్.

ఆయన 1880లో బెర్లిన్‌లో జన్మించారు. వాతావరణ శాస్త్రవేత్తగా పేరుపొందారు. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి, తరువాత విడిపోయాయని 1912లో ప్రతిపాదించారు. దీనినే ఖండచలన సిద్ధాంతం అంటారు. భారతదేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో ఒకే రకమైన మొక్కల శిలాజాలు దొరకడం ఇందుకు ఒక ఆధారం. అయితే ఖండాలను కదిలించే శక్తి ఏమిటో ఆయన సరిగా వివరించలేకపోయారు. అందువల్ల చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు ఆయన మాట నమ్మలేదు. 1930లో గ్రీన్‌లాండ్‌లో, మంచు మధ్యనున్న సహచరుల శిబిరానికి వెళ్లి తిరిగివస్తూ ఆయన మరణించారు.

1960 దశకంలో సముద్రగర్భ పరిశోధనలు ఆయన మాటకు బలం చేకూర్చాయి. భూమి పైభాగం పెద్ద పెద్ద పలకలుగా ఉంది. అవి విడిపోయే చోట లోపలి నుంచి శిలాద్రవం పైకివచ్చి కొత్త నేల ఏర్పడుతుంది. ఢీకొన్న చోట నేల ముడుతలు పడి పర్వతాలు లేస్తాయి. భారత పలక సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొనడం వల్లనే హిమాలయాలు పుట్టాయి. ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. 2015లో నేపాల్‌ను కుదిపిన భూకంపానికి కారణం అదే.

ఇప్పుడు చెప్పండి: వెగెనర్ వద్ద ఆధారాలున్నా ఆనాటి శాస్త్రజ్ఞులు ఎందుకు అంగీకరించలేదు?