ఒక్క మార్కు ప్రశ్న కాదు, హేబర్లాండ్ జీవితం

నల్గొండ, ఖమ్మం, పాలమూరు పల్లెల నుంచి మన కూలీల బిడ్డలు డాక్టరీ సీటు మీద ఆశతో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కోచింగ్ సెంటర్లకు వస్తుంటారు. ఇంటివాళ్లు అప్పుచేసి పంపిన డబ్బుతో ఇరుకు హాస్టలు గదుల్లో సర్దుకుని, రాత్రనక పగలనక చదువుతుంటారు. ఆ చదువులో కణజాల వర్ధనం, అదే టిష్యూ కల్చర్ అనే పాఠం వున్నది. దానికి ఆద్యుడెవరంటే హేబర్లాండ్ అని పిల్లలు తడుముకోకుండా చెబుతారు. మార్కు పడుతుంది. ఆయన ఎవరు, ఆయన పనితో రైతుకూ కూలీకీ ఏమి సంబంధం అన్నది చెప్పుకునే తీరిక అక్కడ వుండదు. అందుకే ఆ సంగతి మనం ఇక్కడ చెప్పుకుందాం.

గాట్లీబ్ హేబర్లాండ్ 1854 నవంబరు 28న, నేటి హంగరీ దేశంలోని ఒక చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి ఫ్రెడరిక్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనకు చైనా, జపాన్ల నుంచి వచ్చిన సోయా గింజల్ని ఈ తండ్రి సంపాదించి, పండించి, ఆ విత్తనాన్ని అనేకచోట్ల రైతులకు పంచి పరీక్ష చేయించాడు. మన ఆదిలాబాద్, నిజామాబాద్ రైతులకు బాగా తెలిసిన సోయా పంటను ఐరోపాలో నిలబెట్టటానికి పూనుకున్న తొలి మనుషుల్లో ఆయనొకడు. విత్తనం పంచుకోవలసిన వస్తువన్న ఇంట్లో కొడుకు పెరిగాడు.

గాట్లీబ్ 1876లో వియన్నాలో డాక్టరేటు పొంది, చాలాకాలం గ్రాజ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1884లో అచ్చయిన గ్రంథంలో మొక్కలోని భాగాల్ని అవి చేసే పనినిబట్టి విడదీసి చూపించాడు. బరువు మోసేదేది, నీరు చేరవేసేదేది, ఆహారం వండేదేది అని అడిగాడు. 1910లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్లాడు.

ఆయన్ని చరిత్రలో నిలిపింది 1902 నాటి ప్రయోగం. మొక్క శరీరంలోని ఒక్కో కణానికీ మళ్లీ మొత్తం మొక్కగా ఎదిగే శక్తి వుండితీరాలని ఆయన ఆలోచన. ఆకునుంచి కణాల్ని విడదీసి, లవణాలూ చక్కెరా కలిపిన నీటిలో పెట్టాడు. అవి వారాల తరబడి బతికాయి, ఉబ్బాయి, పిండిపదార్థం నిలవ చేసుకున్నాయి. కానీ ఒక్క కణమూ రెండుగా చీలలేదు. ఆయన ఓటమిని దాచలేదు. జరిగింది జరిగినట్టు అచ్చువేసి, ముందు తరాలు చేయవలసిన పని ఇదీ అని చూపాడు. ఆయన తీసుకున్నవి ముదిరిన కణాలు. మొక్కను పెంచే పదార్థాలేవో అప్పటికి ఎవరికీ తెలియదు.

అయినా పట్టు వదల్లేదు. 1913 నాటికి ఆలుగడ్డ ముక్కలమీద ప్రయోగాలు చేసి, ఆహారం మోసే నాళాలున్న చోట కణాలు చీలుతున్నాయని, అక్కడి నుంచి ఏదో పదార్థం వూరి పనిచేస్తున్నదని చూపించాడు. 1930లలో ఆక్సిన్లనే పెరుగుదల పదార్థాలు తేలటంతో తోవ దొరికింది. 1939లో ఫ్రాన్సులో క్యారెట్ ముక్కలు, అమెరికాలో పొగాకు కణజాలం సీసాల్లో ఎడతెగకుండా పెరిగాయి. ఆ వార్తల నాటికి ఆయన బతికే వున్నాడు. 1945 జనవరి 30న, యుద్ధం చివరి రోజుల్లో, బెర్లిన్‌లో తన తొంభయ్యో యేట కన్నుమూశాడు. క్యారెట్ కణాల నుంచి పూర్తి మొక్క వచ్చింది 1958లో. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహా, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పుప్పొడి తిత్తుల నుంచి మొక్కలు మొలిపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు.

ఇక మందుమొక్కల సంగతి. రక్తపోటుకు వాడిన రెసర్పిన్ మందును 1952లో స్విట్జర్లాండు కంపెనీ ఒకటి సర్పగంధ వేరు నుంచి తీసింది. వేరు తవ్వితే మొక్క చస్తుంది. అడవిలో సర్పగంధ తరిగిపోయింది, తవ్విన గిరిజనుడికి మిగిలింది కొద్దిపాటి కూలి. ఇలాంటి మొక్కల్ని సీసాల్లో వేలకొద్దీ పెంచి పొలాలకు ఇవ్వవచ్చు. మొక్కే లేకుండా, కణాల్ని ట్యాంకుల్లో పెంచి మందు తీయవచ్చు కూడా. 1983లో జపాన్ కంపెనీ ఒకటి షికోనిన్ అనే ఎర్ర పదార్థాన్ని అలాగే తీసి అమ్మకానికి పెట్టింది. పొలంలో ఏళ్లు పట్టే వేరు పని అక్కడ కొన్ని వారాల్లో ముగిసింది. అడవికి అది మేలే. ఆ వేరుమీద బతికే రైతు గతేమిటని మాత్రం ట్యాంకు అడగదు.

హేబర్లాండ్ తన ఆలోచనను లోకానికి ఉచితంగా ఇచ్చాడు. దానిమీద పుట్టిన మొక్కను మన రైతు నేడు డబ్బుపోసి కొంటున్నాడు. ఆ మొక్కను కత్తితో కోసి సీసాలో పెట్టే చేతులు చాలాచోట్ల ఆడకూలీలవే. తిరిగి కొంటామని నమ్మించి మందుమొక్కలు అంటగట్టి, పంట చేతికొచ్చాక మొహం చాటేసే దళారీలూ వున్నారు. మొక్క కొనేముందు, 2006లో కేంద్రం పెట్టిన టిష్యూ కల్చర్ ధ్రువీకరణ వున్నదా అని అడగండి. కొంటామన్న మాటను కాగితంమీద రాయించుకోండి.

ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ ఔషధ, సుగంధ మొక్కల సంస్థవారి పరిశోధనా కేంద్రం వున్నది. అది ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. నాణ్యమైన మొక్క, సలహా, ధరకు హామీ ప్రభుత్వ సంస్థల ద్వారానే రావాలని రైతు, కూలీ సంఘాలు కలిసి అడగాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చదివే మన బిడ్డలు సెలవులకు ఊరు వచ్చినప్పుడు, ఆ ఒక్క మార్కు పాఠాన్ని రచ్చబండ మీద నలుగురికీ విప్పి చెప్పాలని మేము కోరుతున్నాము.