గగనవీరుడు ఇంద్రలాల్ రాయ్

1903వ సంవత్సరమున రైట్ సోదరులు తొలిసారి విమానమును నడిపిరి. అప్పటికి పదునొకండేండ్లు నిండకముందే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమై ఆకాశము సైతము రణరంగమయ్యెను. నేలమీద పోరాడుట మానవుడు తరతరములుగా ఎరిగినదే. గాలిలో పోరాడుట మాత్రము అంతవరకు ఎవరును ఎరుగని విద్య. నేర్చుకొనుచున్నవారే ఇతరులకు నేర్పవలసిన కాలమది. అట్టి కాలమున ఆ విద్యను కోరి చేపట్టి, పందొమ్మిదేండ్ల వయస్సుననే అందు ప్రాణములు కోల్పోయిన భారతీయ వీరుడు ఇంద్రలాల్ రాయ్.

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. వారి పూర్వులు తూర్పు బెంగాలునందలి బారిసాల్ ప్రాంతపు జమీందారులు. తండ్రి ప్యారీలాల్ రాయ్ పేరుగన్న బారిస్టరు. తల్లి లలితాదేవి ధైర్యశాలిని. పిల్లల చదువుల నిమిత్తము ఆమె లండను నగరమున నివసించెను. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని ఆ దేశమున సాగిన ఉద్యమమున పాల్గొని, 1911లో లండను వీధులలో జరిగిన గొప్ప ఊరేగింపున భారత స్త్రీలతో కూడి నడచెను. అన్న పరేశ్‌లాల్ ముష్టియుద్ధమున ఆరితేరినవాడు. తరువాతి కాలమున ఆ క్రీడ మన దేశమున వ్యాపించుటకు అతడు మిక్కిలి పాటుపడెను. పట్టిన పట్టు విడువని స్వభావము ఆ ఇంట అందరికిని ఉండెను.

ఇంద్రలాల్ లండనునందలి సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుకొనెను. అతనికి పదునైదేండ్లు వచ్చుసరికి యుద్ధము మొదలయ్యెను. 1915 నుండి శత్రువుల జెప్పెలిన్ ఓడలు రాత్రివేళల లండనుపై బాంబులు కురిపింపసాగెను. అన్న సైన్యమున చేరెను. నిన్నటివరకు పక్క బల్లపై కూర్చున్నవారు నేడు సైనికదుస్తులు ధరించి పోవుచుండిరి. ఇంద్రలాల్ చూపు మాత్రము ఆకాశమువైపు తిరిగెను. ఇంటికి లోటు లేదు. ఉన్నత విద్యకు అడ్డు లేదు. అయినను పదునెనిమిదేండ్లు నిండినంతనే అతడు వైమానిక దళమున చేర నిశ్చయించుకొనెను.

ఆ కోరిక అంత సులభముగా నెరవేరలేదు. నాటి బ్రిటిషు సైన్యమున భారతీయులకు అధికారి పదవి దొరకుట అరుదు. దీనికి తోడు నేత్రపరీక్షలో అతనికి చూపు చాలదని వైద్యులు తేల్చిరి. ఇంద్రలాల్ నిరాశపడక, తన మోటారుసైకిలును అమ్మి, ఆ సొమ్ముతో ప్రసిద్ధుడైన నేత్రవైద్యునిచేత మరల పరీక్ష చేయించుకొని, చూపు బాగున్నదని నిరూపించుకొనెనని చెప్పుదురు. 1917 ఏప్రిల్ 4వ తేదీన అతడు రాయల్ ఫ్లైయింగ్ కోర్ అను వైమానిక దళమున కేడెట్‌గా చేరెను. ఆ యుద్ధమున విమానచోదకులై పోరాడిన భారతీయులు నలుగురు. వారిలో నొకడు ఇంద్రలాల్.

అతడు చేరిన ఆ నెల ఎట్టిదో గమనింపవలెను. ఆ ఏప్రిల్ నెలలో పశ్చిమ రణరంగమున బ్రిటిషువారు సుమారు 245 విమానములను కోల్పోయిరి. రక్తసిక్తమైన ఏప్రిల్ అని ఆ నెలకు చరిత్రలో పేరు నిలిచెను. శత్రువును చూడకముందే, శిక్షణ కాలముననే, విమానములు కూలి మరణించిన యువకులును పెక్కుమంది. ఇవి యన్నియు పత్రికలలో వచ్చుచునే యుండెను. కాని పత్రికలో చదివిన ప్రమాదము వేరు, ఒంటికి తగిలిన ప్రమాదము వేరు. పదునెనిమిదేండ్ల యువకునికి మృత్యువు ఎప్పుడును పరులదిగనే తోచును.

జూలై 5వ తేదీన ఇంద్రలాల్ సెకండ్ లెఫ్టినెంటు అయ్యెను. తుపాకి ప్రయోగమున శిక్షణ పొందిన పిమ్మట, అక్టోబరు 30న ఫ్రాన్సులోని 56వ స్క్వాడ్రనున చేరెను. అది మిక్కిలి ప్రసిద్ధి గాంచిన దళము. ఆల్బర్ట్ బాల్ అను మహావీరుడు ఆ దళమునందే యుండి, కొలది నెలలకు ముందు మరణించెను. జేమ్స్ మక్కడ్డెన్ అను మరియొక వీరుడు అప్పుడు ఆ దళమున నుండెను.

వారు నడిపిన విమానము పేరు ఎస్.ఇ.5.ఎ. కొయ్యచట్రముపై బట్ట బిగించి చేసిన ఆ యంత్రమున ఒక్కడు మాత్రమే కూర్చుండగలడు. ఎదుట ఒక మరతుపాకి, పై రెక్కమీద మరియొకటి. పైకప్పు లేదు. 15,000 అడుగుల ఎత్తున ఎముకలు కొరుకు చలిగాలిలో, విమానము నడుపుట, నలుదిక్కుల కనిపెట్టుట, తుపాకి కాల్చుట అను మూడు పనులను ఒక్కడే చేయవలెను. విమానమునకు నిప్పంటుకొన్నచో దూకుటకు పారాచూట్ లేదు. బెలూనులలోనుండి శత్రువును కనిపెట్టువారికి దాని నిచ్చిరి గాని, బ్రిటిషు విమానచోదకులకు ఆ యుద్ధమున ఇయ్యలేదు.

ఇట్టివారి జీవనము విచిత్రముగా నుండెడిది. కందకములలోని సైనికునివలె వారు బురదలో నిద్రింపనక్కరలేదు. పడుకొనుటకు పక్క, తినుటకు వేడి భోజనము, సాయంకాలము పాటలు, పరిహాసములు కలవు. కాని ఉదయము కలిసి ఫలాహారము చేసిన నేస్తము మధ్యాహ్నమునకు తిరిగి రాకపోవచ్చును. నలుగురిలో కంటతడి పెట్టుట అక్కడి ఆచారము కాదు. భయము అందరికిని కలదు. దానిని నవ్వుచాటున దాచుటయే అక్కడి మర్యాద.

ఆ దళమున ఐదు వారములు గడచెను. ఇంద్రలాల్ ఒక్క శత్రువిమానమునైనను పడగొట్టలేదు. డిసెంబరు 6వ తేదీన అతని విమానము కూలి, అతడు తీవ్రముగా గాయపడెను. స్పృహలేక పడియున్న అతనిని మరణించినవానిగా తలచి శవములుంచు గదిలో చేర్చిరనియు, తెలివి వచ్చి లోపలినుండి తలుపు బాదగా వెలుపలివారు హడలిపోయిరనియు ఒక కథ కలదు.

అతనిని చికిత్సకై ఇంగ్లండుకు పంపిరి. కోలుకొనుచున్న ఆ దినములలో అతడు కాగితములపై విమానముల బొమ్మలు గీయుచు కాలము గడపెను. ఆ చిత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. తిరిగి విమానము నడుపుటకు అతడు తగడని వైద్యులు నిర్ణయించిరి.

ఇచట ఇంద్రలాల్ జీవితమున అసలైన పరీక్ష ఎదురయ్యెను. ఇప్పుడతడు మరలిపోయినచో నిందించువారు లేరు. పిరికివాడను మాట రాదు. వైద్యుల తీర్పే అతనికి రక్ష. పైగా మొదటిసారి అతడు ఎరుగనిది ఇప్పుడు చక్కగా ఎరుగును. చలి ఎరుగును; నేల పైకి దూసుకొని వచ్చు ఆ క్షణ మెట్టిదో ఎరుగును; తన శరీరము ఎంత సులభముగా విరుగునో ఎరుగును. మొదటి నిర్ణయము ఉత్సాహము చేసినది. రెండవ నిర్ణయమును అతడే చేయవలసియుండెను. అతడు మరల మరల విన్నవించుకొని, తాను తగినవాడనని వైద్యులను ఒప్పించెను.

1918 జూన్ నెలలో ఇంద్రలాల్ 40వ స్క్వాడ్రనున చేరెను. రాయల్ ఫ్లైయింగ్ కోర్ అప్పటికి రాయల్ ఎయిర్‌ఫోర్సుగా మారియుండెను. అతని నాయకుడు జార్జి మక్ఎల్రాయ్ అను ఐరిషు వీరుడు. ఆ స్క్వాడ్రనున పేరుమోసిన మానక్ అనునతని శిష్యుడాయన. ఎత్తు సంపాదించి గాని శత్రువుపై పడరాదు, సూర్యుని వెనుక నుంచుకొని రావలెను, తొందరపడరాదు. ఇదియే మానక్ నేర్పిన యుద్ధనీతి. తెగువ యొక్కటియే చాలదని, ఓర్పును లెక్కయును కావలెనని ఇంద్రలాల్ గ్రహించెను.

ఫలితము త్వరలోనే కనబడెను. జూలై 6న మొదటి విజయము, 8న కొలది గంటలలో మూడు, 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న ఒకటి. పదునాలుగు దినములలో పది విజయములు. అందు రెండు ఇతరులతో పంచుకొన్నవి. ఐదు విమానములను జయించినవానిని ఏస్ అని గౌరవించుట నాటి వాడుక. ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడు ఇంద్రలాల్.

జూలై 22న అతడు కార్వాన్ పట్టణముపై ఫోకర్ విమానములతో పోరాడుచుండగా విమానమునకు దెబ్బ తగిలెను. అది మంటలతో నేలకూలెను. మొదటి విజయమునకును మరణమునకును నడుమ పదునారు దినములే. ఆ మాసాంతముననే మక్ఎల్రాయ్, మానక్ ఇరువురును మరణించిరి. అతడు పడగొట్టిన విమానములలోనివారును ఎవరో తల్లుల బిడ్డలే. యుద్ధవిజయముల లెక్కలో ఈ దుఃఖము కనబడదు.

అదే సెప్టెంబరులో ప్రభుత్వము అతనికి డిస్టింగ్విష్డ్ ఫ్లైయింగ్ క్రాస్ అను పతకమును మరణానంతరము ప్రకటించెను. దానిని పొందిన తొలి భారతీయుడతడే. అతని సమాధి ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామపు శ్మశానవాటికలో కలదు. కలకత్తాలోని ఒక వీథికి అతని పేరు పెట్టిరి. 1998లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము అతని పేర తపాలాబిళ్ళను వెలువరించెను.

అతడు మరణించిన పదునాలుగేండ్లకు, 1932 అక్టోబరు 8న, భారత వైమానిక దళము ఏర్పడెను. 2016 నుండి అందు బాలికలును యుద్ధవిమానచోదకులగుచున్నారు. వేగమును, ఉడుపును, కీర్తిని చూచి ఆ వృత్తిని కోరువారు పెక్కుమంది. వారి కన్నును, చెవిని, గుండెను పరీక్షించుటకు వైద్యులు కలరు. ఆ వృత్తి అడుగు మూల్యమును పూర్తిగా తెలిసికొన్న పిమ్మటను తమ కోరిక నిలుచునా యని పరీక్షించుకొనవలసినవారు మాత్రము వారే. ఇంద్రలాల్ ఆ పరీక్షకు రోగిమంచముపై, బొమ్మలు గీసికొనుచు, ఒంటరిగా నిలిచెను.