రాతిలోని నీరు: హారీ హెస్ జీవితము

అగ్నిపర్వతము మండుటకు నీరు తోడ్పడునన్నచో పిల్లలు నవ్వుదురు. ఆ నీటి జాడను తొలినాళ్ళలో వెదకిన వారిలో హారీ హెస్ ముఖ్యుడు.

ఆతడు 1906వ సంవత్సరము మే 24వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. యేల్ విశ్వవిద్యాలయమున విద్యుత్తు ఇంజనీరింగు చదువబోయి భూగర్భశాస్త్రమునకు మరలెను. ఖనిజశాస్త్రమున మొదట తప్పెననియు, ఆ విద్య వానికి అబ్బదని పెద్దలు తేల్చిరనియు చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మనము ఈ సంగతి మరువరాదు.

పట్టభద్రుడై ఉత్తర రొడీషియాలో రెండేండ్లు ఖనిజములను వెదకి, 1932లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు గడించెను. ఆతడు పరిశోధించినది సర్పెంటైన్ సంబంధమైన శిలలను. పాముచర్మము వలె నుండుటచే ఆ పచ్చని రాతికా పేరు వచ్చినది. లోతులలోని పెరిడొటైట్ శిల నీటిని గ్రోలి ఇట్లు మారును. దాని తూకమున నూటికి సుమారు 13 పాళ్ళు నీరే. మిక్కిలి వేడి తగిలినచో ఆ నీరు విడిపోవును.

ఆ కాలముననే డచ్చి శాస్త్రజ్ఞుడు వెనింగ్ మైనెస్‌తో కూడి, జలాంతర్గామిలో వెస్టిండీస్ చేరువ గురుత్వాకర్షణను కొలిచెను. సముద్రపు అగాధములకడ ఆకర్షణ తక్కువగా నుండుట చూచి, నేల లోనికి లాగబడుచున్నదని తలచెను. రెండవ ప్రపంచయుద్ధమున కేప్ జాన్సన్ అను నౌకకు అధిపతియై, సైనికులను దీవులకు చేర్చుచునే లోతు కొలుచు ప్రతిధ్వని యంత్రమును నడిపించుచుండెను! చదునైన శిఖరములుగల సుమారు 160 మునిగిన కొండలను కనుగొని, 1946లో లోకమునకు తెలిపెను.

1962లో ఆతని ప్రసిద్ధ వ్యాసము వెలువడెను. సముద్రమధ్యపు పర్వతశ్రేణులకడ క్రొత్తనేల పుట్టి, ఇరువైపులకు జరిగి, అగాధములకడ తిరిగి భూమిలోనికి దిగునని అందు ప్రతిపాదించెను. రుజువులు చాలనందున దీనిని భూకవిత్వముగా భావింపుడని చదువరులను కోరెను. కవిత్వము బోధించు మాబోటివారికి ఇది ఎంత ముచ్చట గొలుపునో చెప్పనక్కరలేదు.

అయితే సముద్రపునేల ముఖ్యముగా సర్పెంటైనే యని ఆతడనుకొనుట సరికాలేదు. అది ప్రధానముగా బసాల్టు, గాబ్రో శిలలని తరువాత తేలెను. దిగిన నేల వేడెక్కి విడుచు నీరు సముద్రమునకే మరలునని కూడ తలచెను. అందు చాలభాగము వేరుదారి పట్టునని తరువాతివారు గ్రహించిరి. సుమారు 100 కిలోమీటర్ల లోతున అది పైనున్న వేడిశిలలోనికి చొచ్చి, దాని ద్రవీభవన ఉష్ణోగ్రతను వందల డిగ్రీలు తగ్గించును. శిల కరగి లావా యగును. జపాను, ఇండోనేషియా దీవులలో అగ్నిపర్వతములు అగాధమునకు సమాంతరముగా బారులు తీరుటకు ఇదియే కారణము. నీరు ఒంటరిగా పోదు. బేరియము, స్ట్రాన్షియము, సీసము వెంటగొనిపోవును. నియోబియము అందు కరగుట అరుదు. కావుననే ఆ లావాలలో మొదటివి హెచ్చుగను, నియోబియము తక్కువగను కనిపించును.

హెస్ 1969 ఆగస్టు 25న వుడ్స్ హోల్‌లో అంతరిక్ష విజ్ఞాన సభకు అధ్యక్షత వహించుచుండగా గుండెపోటుతో మరణించెను. 1980వ దశకమున అట్టి లావాలలో బెరిలియము-10 దొరకెను. విశ్వకిరణములచే ఆకాశమున పుట్టి, సముద్రపు బురదలో చేరి, సుమారు 14 లక్షల ఏండ్లకు సగమగు పదార్థమది. ఆ బురద భూమిలోనికి దిగి కొలదికాలముననే అగ్నిముఖమున వెలువడినదని తేలెను. మన అండమాను సముద్రములోని బారెన్ ద్వీపము 1991లో మరల నిప్పులు గ్రక్కినది. దాని క్రింద దిగుచున్నది భారత ఫలకమే.