పూల రంగుల గుట్టు విప్పిన ఆచార్య శేషాద్రి

పత్తి పువ్వు విచ్చిన నాడు లేత పసుపుగా ఉంటుంది. మర్నాటికి ఎరుపు తిరుగుతుంది. రైతు రోజూ చూసే పూలకు ఈ రంగులు ఎక్కడివి? ఆ గుట్టు విప్పడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి శ్రమించిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆచార్య టి.ఆర్.శేషాద్రి.

ఆయన 1900 ఫిబ్రవరి 3న తమిళనాట కావేరి ఒడ్డున కుళిత్తలైలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. 1927లో ఇంగ్లండు వెళ్లి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి 1929లో డాక్టరేటు పొందారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, కొన్ని మిల్లీగ్రాముల పదార్థంతోనే పరీక్ష జరిపే పద్ధతి నేర్చుకున్నారు. పూలలో రంగు పదార్థం అతి స్వల్పం. కనుక ఆ విద్య తర్వాత ఎంతో అక్కరకు వచ్చింది.

1934లో వాల్తేరు వచ్చి రసాయనశాస్త్ర శాఖ బాధ్యత చేపట్టారు. ఖరీదైన సరుకు కోసం ఎదురుచూడలేదు. మన చేలల్లో దొరికే పత్తి పూలు, గోగు పూలు తెప్పించి, ఎండబెట్టి, వాటి నుంచి పసుపు పదార్థాలను వేరు చేయించారు.

వేరు చేసినంత మాత్రాన సరిపోదు. దాని నిర్మాణం ఫలానా అని నిరూపించాలంటే దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపాలి. అందుకు చాల్కోన్ అనే పదార్థం మంచి మెట్టు. రెండు పదార్థాలను క్షారంలో కలిపితే చాల్కోన్ వస్తుంది. అందులో గొలుసులా ఉన్న భాగాన్ని ముడివేస్తే ఐదు కార్బన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు గల వలయం ఏర్పడుతుంది. ఇటువంటి వాటినే విషమచక్రీయ సమ్మేళనాలంటారు. పూలలోని పసుపు పదార్థాలలో ఉన్నది ఈ వలయమే. తయారు చేసినదీ, పువ్వులోదీ ఒకే వేడి వద్ద కరిగి, కలిపినా మార్పు లేకపోతే రెండూ ఒకటేనని తేలినట్లు.

పని ఊపందుకున్న వేళ యుద్ధం వచ్చి పడింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. ఏళ్లు పట్టి అమర్చుకున్న ప్రయోగశాల చెదిరిపోయింది. అయినా శేషాద్రి చేయి ముడుచుకోలేదు. ఉన్న వసతితోనే విద్యార్థులను కూడగట్టి పరిశోధన సాగించారు.

1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ లభించాయి. 1975 సెప్టెంబరు 27న కన్నుమూశారు. వెయ్యికి పైగా పరిశోధనా పత్రాలు ఆయన పేరున ఉన్నాయి. ఆయన వద్ద డాక్టరేటు పొందినవారు 150 మందికి పైనే. ఆయన శిష్యులెందరో అధ్యాపకులై ఆ విద్యను తర్వాతి తరానికి అందించారు.